పేజీ కదలకుండా ఫామ్ పంపాలంటే

గుంటూరు మిర్చి యార్డులో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మంచి సీజను. ఆ రోజుల్లో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా కంప్యూటర్ ముందు కూర్చున్నాడనుకుందాం. రైతు పేరు, ఊరు, మిర్చి రకం, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఫోన్ నంబరు. ప్రతి లాటుకీ ఈ ఐదూ ఎక్కించాలి. ఒక రైతు వివరాలు నింపి సబ్మిట్ కొడతాడు. పేజీ తెల్లబడుతుంది. పైన రౌండ్ తిరుగుతుంది. నాలుగైదు సెకన్లకి మళ్లీ అదే ఫామ్ ఖాళీగా వస్తుంది. మెనూ, బొమ్మలు, రకాల జాబితా అన్నీ మొదటి నుంచి దిగుతాయి. ఫోన్ నంబరులో ఒక్క అంకె తగ్గిందంటే పేజీ ఎర్ర అక్షరాలతో తిరిగొస్తుంది. సరిగ్గా నింపిన మిగతా నాలుగు గడులు కూడా ఖాళీ అయిపోతాయి. ఎదురుగా పదిమంది రైతులు నిలబడి ఉంటారు.

ఈ అవస్థ తప్పించే దారి చాలా ఏళ్ల నుంచీ ఉంది. పేజీ ఉన్నచోటే ఉంటుంది, నింపిన వివరాలు మాత్రం వెనక నుంచి సర్వర్‌కి వెళ్తాయి, జవాబు రాగానే ఫామ్ పక్కన ‘ఎక్కింది’ అని కనిపిస్తుంది. వెబ్ ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు మొదటి నెలల్లోనే ఈ కోడ్ రాసేస్తారు. పది పన్నెండు లైన్లకు మించదు. అయినా జనాన్ని ఎక్కువ ఏడిపించేవి ఈ పద్ధతిలో తయారైన ఫామ్‌లే. సబ్మిట్ కొడితే ఏమీ జరిగినట్టు ఉండదు. మళ్లీ కొడితే రెండుసార్లు ఎక్కుతుంది. ‘సేవ్ అయింది’ అంటుంది, తీరా చూస్తే రికార్డు ఉండదు.

ఎందుకిలా అవుతుందంటే, పేజీ తెల్లబడటం చూడ్డానికి బాగోకపోయినా అది ఒక కబురు. నొక్కింది అందింది, వివరాలు వెళ్తున్నాయి, కాస్త ఆగండి అని చెప్పే కబురు. కొత్త పేజీ రావడం ఇంకో కబురు, పని అయిందని. నెట్ పోతే బ్రౌజర్ తన సొంత పేజీ ఒకటి చూపిస్తుంది, అదీ కబురే. రీలోడ్‌ని ఆపిన క్షణంలో ఈ కబుర్లన్నీ కూడా ఆగిపోతాయి. వాటిని చేరవేసే పని అప్పటి నుంచి కోడ్ రాసినవాళ్లది. పది లైన్లలో రాసిన కోడ్‌లో ఆ పని సాధారణంగా ఉండదు.

బ్రౌజర్ తనంతట తాను ఏం చేస్తుంది

ఫామ్ అనేది వెబ్‌లోకి అధికారికంగా వచ్చింది 1995 నవంబరులో, హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణంతో. అప్పటి నుంచి దాని నడక పెద్దగా మారలేదు. సబ్మిట్ నొక్కగానే బ్రౌజర్ ఫామ్‌లో ఉన్న గడులన్నీ చూస్తుంది. నేమ్ అనే గుర్తు ఉన్నవాటినే తీసుకుంటుంది. నేమ్ లేని గడిలో ఎంత రాసినా అది సర్వర్ ముఖం చూడదు. డిసేబుల్ చేసిన గడి వెళ్లదు. టిక్ పెట్టని చెక్‌బాక్సు ‘లేదు’ అని కూడా వెళ్లదు, అసలు దాని ఊసే ఉండదు. మిగిలినవాటిని పేరు–విలువ జతలుగా కట్టి, ఫామ్‌లో యాక్షన్ దగ్గర ఇచ్చిన చిరునామాకి పంపుతుంది. వచ్చిన జవాబుని పాత పేజీ స్థానంలో పెడుతుంది.

ఆ మూట కట్టే తీరు తెలుగువాళ్లు ఒకసారి దగ్గరగా చూడదగింది. ఊరు అన్న గడిలో ‘గుంటూరు’ అని తెలుగులో రాశారనుకుందాం. కంటికి మూడక్షరాలు: గుం, టూ, రు. కంప్యూటర్‌కి మాత్రం ఏడు. గ, కొమ్ము, సున్నా, ట, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము వేటికవే విడి సంకేతాలు. యూటీఎఫ్–8లో (అక్షరాలని బైట్లుగా మార్చే పద్ధతి అది) తెలుగు సంకేతం ఒక్కొక్కటీ 3 బైట్లు తీసుకుంటుంది. మొత్తం 21 బైట్లు. మామూలు ఫామ్ పద్ధతిలో ఇలాంటి ప్రతి బైటునీ ఒక శాతం గుర్తు, దాని వెనక రెండు అక్షరాలుగా మార్చి పంపుతారు. అంటే 63 అక్షరాలు. మూడక్షరాల ఊరు 63 అక్షరాలై వెళ్తుంది. విజయవాడదీ ఇదే లెక్క, అందులోనూ ఏడు సంకేతాలే.

రెండో పద్ధతి మల్టీపార్ట్. ఫైళ్లు పంపడానికి పుట్టింది, అదీ 1995 నాటిదే. దీంట్లో ఒక్కో గడి విలువని విడిగా పెట్టి, మధ్యలో సరిహద్దు గీతలాంటి ఒక వాక్యం పెడతారు. ఇక్కడ ‘గుంటూరు’ ఆ 21 బైట్లతోనే వెళ్తుంది, మార్పులేవీ ఉండవు. ఐదు గడుల ఫామ్‌కి ఈ తేడా లెక్కలోకి రాదు. కానీ పెద్ద అర్జీ అంతా తెలుగులో రాసి పంపే ఫామ్‌కి మూడు రెట్ల బరువంటే ఆలోచించాల్సిందే.

ఇక్కడే ఇంకో చిక్కు. పేరు గడికి గరిష్ఠంగా 10 అక్షరాలు అని హద్దు పెడితే, బ్రౌజర్ లెక్కపెట్టేది కంటికి కనిపించే అక్షరాలని కాదు, ఈ సంకేతాలని. ‘వెంకటేశ్వరరావు’ చదివేవాళ్లకి ఏడక్షరాలు, బ్రౌజర్‌కి 14. పేరు సగంలో ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో రాసేవాళ్లకి అర్థం కాదు. తెలుగు పేర్లు తీసుకునే ఫామ్‌కి ఇంగ్లీషు పేర్లు చూసి హద్దులు పెట్టడం తప్పు. డేటాబేసు గడిలో హద్దుని బైట్లలో పెడితే ఈ పేరుకి 42 కావాలి.

పేరు వెనక కథ

రీలోడ్ లేకుండా సర్వర్‌తో మాట్లాడాలన్న అవసరం ముందు ఈమెయిల్ దగ్గర వచ్చింది. మైక్రోసాఫ్ట్‌లో ఎక్స్‌చేంజ్ 2000 కోసం అవుట్‌లుక్‌ని బ్రౌజర్‌లో నడిపించాలని పనిచేసిన బృందం, ప్రతి మెయిల్‌కీ పేజీ మారకుండా ఉండాలని ఒక చిన్న భాగం తయారు చేసుకుంది. అది 1999 మార్చిలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో పాటు బయటికొచ్చింది. ఎక్స్ఎంఎల్ (డేటాని గుర్తులతో రాసే పద్ధతి) లైబ్రరీతో కలిపి పంపారు కాబట్టి పేరులో ఎక్స్ఎంఎల్ చేరింది, పనితో దానికి పెద్ద సంబంధం లేదు. తర్వాత మొజిల్లా, సఫారీ కూడా ఇలాంటిదే పెట్టాయి. అదే ఎక్స్ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్. 2004 ఏప్రిల్‌లో జీమెయిల్, 2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ వచ్చాక దీని సత్తా అందరికీ తెలిసింది. అదే ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ ఈ పద్ధతికి అజాక్స్ అని పేరు పెట్టారు. 2006లో జాన్ రెసిగ్ ఈ కోడ్‌ని తేలిక చేసే జేక్వెరీ లైబ్రరీ తెచ్చాక కాలేజీ ప్రాజెక్టుల దాకా పాకింది. 2015 నుంచి క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో ఇదే పని చేసే కొత్త సాధనం ఫెచ్ ఉంది, 2017లో సఫారీకీ వచ్చింది. ఇప్పుడు కొత్తగా రాసేవాళ్లకి ఫెచ్ చాలు. ఫొటో ఎంత శాతం ఎక్కిందో చూపాలంటే మాత్రం పాతదే దిక్కు, ఆ లెక్క ఫెచ్ చెప్పదు.

ఆపడం, పోగుచేయడం, పంపడం

మొదటి అడుగు ఆపడం. ఫామ్‌కి సబ్మిట్ అనే సంఘటన ఉంటుంది. అది జరిగినప్పుడు మన కోడ్ నడిచేలా పెట్టి, అందులో ప్రివెంట్‌డిఫాల్ట్ అని పిలుస్తారు. నీ మామూలు పని చేయకు అని బ్రౌజర్‌కి చెప్పడం అది. చాలామంది దీన్ని ఫామ్‌కి కాకుండా బటన్ క్లిక్‌కి తగిలిస్తారు. అది పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది, కానీ పని అసలు ఫామ్‌ది. క్లిక్ దగ్గర ఆపితే గడి ఖాళీగా ఉందా, నంబరు సరైన రూపంలో ఉందా అని బ్రౌజర్ చేసే తనిఖీ కూడా జరగదు. సబ్మిట్ సంఘటన మాత్రం ఆ తనిఖీ దాటాకే వస్తుంది. ఎంటర్ కొట్టినా, బటన్ నొక్కినా అదే వస్తుంది. రోజుకి వందల ఎంట్రీలు చేసే గుమస్తా మౌస్ ముట్టుకోడు, చివరి గడిలో ఎంటర్ కొట్టి ముందుకి పోతాడు.

రెండోది పోగుచేయడం. ఫామ్‌డేటా అనే వస్తువుకి ఫామ్‌ని అందిస్తే, బ్రౌజర్ తాను పంపేటప్పుడు పాటించే నియమాలతోనే గడులన్నీ పోగుచేసి ఇస్తుంది. ఒక్కో గడి పేరు పెట్టి విలువ లాగడం అనవసరం. రేపు ఫామ్‌లో కొత్త గడి చేరితే ఆ కోడ్ మరిచిపోతుంది, ఫామ్‌డేటా మరిచిపోదు. ఒక తేడా గుర్తుంచుకోవాలి: ఏ బటన్ నొక్కారన్నది ఇందులో దానంతటది రాదు. ‘సేవ్’, ‘సేవ్ చేసి బిల్లు తీయి’ అని రెండు బటన్లుంటే, నొక్కినదాన్ని కూడా విడిగా అందించాలి.

డబుల్ క్లిక్ భయంతో, వివరాలు పోగుచేయకముందే ఫామ్ మొత్తాన్ని డిసేబుల్ చేసే కోడ్ కూడా కనిపిస్తుంది. డిసేబుల్ అయిన గడి వెళ్లదన్న నియమం ఇక్కడ కాటేస్తుంది. సర్వర్‌కి ఖాళీ మూట వెళ్తుంది. ముందు పోగుచేయాలి, ఆ తర్వాతే తాళం వేయాలి.

మూడోది పంపడం. ఫెచ్‌కి చిరునామా, పోస్ట్ అన్న పద్ధతి, ఈ ఫామ్‌డేటా ఇస్తే చాలు. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, పక్కనే కంటెంట్–టైప్ (మూట ఏ రూపంలో ఉందో చెప్పే హెడర్) కూడా చేత్తో రాయడం. మల్టీపార్ట్‌లో గడుల మధ్య వచ్చే సరిహద్దు వాక్యం ఏమిటో ఆ హెడర్‌లోనే చెప్పాలి. ఆ వాక్యాన్ని తయారు చేసేది బ్రౌజర్, కాబట్టి దాని సంగతి తెలిసింది బ్రౌజర్‌కే. మనం రాసిన హెడర్‌లో అది ఉండదు. సర్వర్‌కి మూట అందుతుంది, ఎక్కడ విప్పాలో తెలియదు. గంటల తరబడి సర్వర్ కోడ్ తిరగేసినా తప్పు దొరకదు. ఆ ఒక్క లైను తీసేస్తే పని అయిపోతుంది.

ఇంకా ఒక మాట. పాత పద్ధతిలో ఫామ్‌కి ఉండాల్సిన యాక్షన్, మెథడ్ రెండూ అలాగే ఉంచాలి. జావాస్క్రిప్టే (బ్రౌజర్లో నడిచే మన కోడ్) అంతా చూసుకుంటుంది కదా అని తీసేస్తారు. సిగ్నల్ సరిగా లేని ఫోన్‌లో ఫామ్ ముందు కనిపిస్తుంది, జావాస్క్రిప్టు ఫైలు ఇంకా దిగుతూనే ఉంటుంది. ఈలోపు సబ్మిట్ కొడితే ఆపేవాళ్లు లేరు. మెథడ్ రాయని ఫామ్‌ని బ్రౌజర్ గెట్‌గా లెక్కిస్తుంది. అంటే ఫోన్ నంబరు, పాస్‌వర్డు లాంటివన్నీ చిరునామా పట్టీలోకి ఎక్కుతాయి, బ్రౌజర్ హిస్టరీలో, సర్వర్ లాగులలో (జరిగినవన్నీ రాసిపెట్టే ఫైళ్లలో) పడి ఉంటాయి. యాక్షన్, పోస్ట్ రెండూ రాసి ఉంటే కనీసం పాత దారిలో సవ్యంగా వెళ్తుంది.

‘సేవ్ అయింది’ అన్న అబద్ధం

జవాబు వచ్చాక జరిగే తప్పులు వీటన్నిటికంటే ప్రమాదం. ఫెచ్ ఒక ప్రామిస్ (జవాబు తర్వాత అందిస్తానన్న మాట) ఇస్తుంది. జవాబొస్తే ఒక దారి, తప్పు జరిగితే ఇంకో దారి అని నేర్చుకుంటారు. కానీ ఫెచ్ లెక్కలో తప్పంటే అసలు జవాబే రాకపోవడం. నెట్ తెగింది, సర్వర్ దొరకలేదు, బ్రౌజర్ అనుమతించలేదు, ఇలాంటివి. సర్వర్ 500 అని, లోపల ఏదో కూలిపోయిందని చెప్పినా ఫెచ్‌కి అది విజయమే. జవాబు వచ్చింది కదా. 404 (అడిగింది దొరకలేదు) అన్నా అంతే. ఉత్తరం అందింది అన్నంత వరకే దాని పూచీ, ఉత్తరంలో ఏముందో చదవాల్సింది మనం. జవాబులో ఓకే అనే గుర్తు చూడాలి. సర్వర్ ఇచ్చిన అంకె 200 నుంచి 299 లోపు (అంటే పని అయింది) అయితేనే అది నిజం అవుతుంది. ఆ ఒక్క తనిఖీ రాయకపోతే డేటాబేసు పడిపోయిన రోజు కూడా తెర మీద పచ్చ రంగులో ‘సేవ్ అయింది’ అనే వస్తుంది.

ఆ తనిఖీ రాసినా తప్పించుకునే కేసు ఇంకొకటి ఉంది. గుమస్తా పొద్దున లాగిన్ అయ్యాడు. మధ్యాహ్నం భోజనానికి వెళ్లి గంటన్నర తర్వాత వచ్చాడు. ఈలోపు సెషన్ (లాగిన్ చెల్లే సమయం) గడువు తీరిపోయింది. పేజీ మాత్రం తెర మీద అలాగే ఉంది, ఎందుకంటే అది రీలోడ్ కాదు. వివరాలు నింపి ఎంటర్ కొట్టాడు. లాగిన్ లేదని సర్వర్ అతన్ని లాగిన్ పేజీకి దారి మళ్లించింది. ఫెచ్ అడక్కుండానే ఆ మళ్లింపు వెంట వెళ్లి, లాగిన్ పేజీ తెచ్చుకుంది. లాగిన్ పేజీ నిక్షేపంగా వచ్చింది కాబట్టి 200. ఓకే నిజం. తెర మీద ‘సేవ్ అయింది’. ఫామ్ ఖాళీ. సాయంత్రం దాకా ఎక్కించిన లాట్లు ఒక్కటీ లేవు.

పాత పద్ధతిలో ఇది జరిగే అవకాశమే లేదు. లాగిన్ పేజీ ఎదురుగా వచ్చి నిలబడేది. చికాకే గానీ నిజం చెప్పేది. కొత్త పద్ధతిలో ఆ నిజాన్ని కోడ్ చెప్పాలి. ఇలాంటి పిలుపులకి సర్వర్ దారి మళ్లించకుండా 401 (లాగిన్ కావాలి) ఇవ్వాలి. వచ్చిన జవాబు జేసన్ (ప్రోగ్రాములు చదువుకునే డేటా రూపం) అవునో కాదో చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, సర్వర్ ఆ రికార్డుకి ఇచ్చిన నంబరుని జవాబులో పంపించి, తెర మీద ‘లాట్ 118 ఎక్కింది, 45 టిక్కీలు’ అని చూపాలి. సర్వర్ చెప్పకుండా ఆ నంబరు ఎక్కడి నుంచీ రాదు. అందుకే ఆ మాటని నమ్మొచ్చు. వట్టి ‘సక్సెస్’ అన్న మాటకి ఆ బరువు లేదు.

45 టిక్కీలు 90 అయ్యే తీరు

నొక్కింది అందిందో లేదో తెలియనప్పుడు మనిషి మళ్లీ నొక్కుతాడు. అది అతని తప్పు కాదు. అందుకే నొక్కగానే బటన్ మీద మాట ‘పంపుతున్నాం’ అని మారాలి, జవాబొచ్చేదాకా అది మళ్లీ పనిచేయకూడదు. పని అయినా, చెడినా బటన్‌ని తిరిగి మామూలు స్థితికి తేవాలి. చెడిన దారిలో ఇది మరిచిపోతే బటన్ ఎప్పటికీ బూడిద రంగులోనే ఉండిపోతుంది, రిఫ్రెష్ కొట్టడం తప్ప గతి ఉండదు. రిఫ్రెష్ కొడితే నింపిందంతా పోతుంది. రెంటికీ చెడ్డ రేవడి.

కానీ బటన్‌కి తాళం వేస్తే డబుల్ ఎంట్రీ ఆగుతుందనుకోవడం సగం నిజం. కోల్డ్ స్టోరేజీలో, మందపాటి గోడల మధ్య, ఫోన్‌లో సరుకు ఎక్కిస్తున్నారనుకోండి. వివరాలు వెళ్లాయి. సర్వర్ 45 టిక్కీలు రాసుకుంది. ‘ఎక్కింది’ అని జవాబు పంపింది. ఆ జవాబు దారిలో ఉండగా సిగ్నల్ పోయింది. ఫోన్‌కి తెలిసిందల్లా జవాబు రాలేదని. కోడ్ నిజాయితీగా ‘పంపలేకపోయాం, మళ్లీ ప్రయత్నించండి’ అంటుంది. మనిషి మళ్లీ పంపుతాడు. సర్వర్ మళ్లీ 45 రాసుకుంటుంది. ఎవరూ తప్పు చేయలేదు, లెక్క మాత్రం 90 అయింది. వెళ్లేటప్పుడు తెగిందా, వచ్చేటప్పుడు తెగిందా అన్నది ఫోన్ వైపు నుంచి తేల్చుకునే వీలే లేదు.

దీనికి మందు కొట్టులోనే ఉంది. బిల్లు పుస్తకంలో ప్రతి కాగితానికీ ముందే నంబరు అచ్చయి ఉంటుంది. ఒకే నంబరు బిల్లు రెండుసార్లు తెస్తే, ఇది ముందే రాశాం అని పక్కన పెడతారు. ఫామ్‌కి కూడా అలాగే చేయాలి. ఫామ్ తెరవగానే మరెవరికీ రాని ఒక నంబరు తయారు చేసి, వివరాలతో పాటు పంపాలి. మళ్లీ ప్రయత్నించినప్పుడు అదే నంబరు వెళ్లాలి, కొత్తది కాదు. డేటాబేసులో ఆ గడి యూనిక్ (ఒకే విలువ రెండోసారి రానివ్వనిది) అయి ఉండాలి. అదే నంబరు రెండోసారి వస్తే సర్వర్ కొత్తగా రాయదు, తప్పని కూడా అనదు. మొదటిసారి ఇచ్చిన జవాబునే మళ్లీ ఇస్తుంది. లాటు నిజంగా ఎక్కిందని తెలిశాక, తర్వాతి రైతుకి కొత్త నంబరు. ఈ నంబరు తయారు చేయడానికి బ్రౌజర్లో రాండమ్‌యూయూఐడీ ఉంది, కాకపోతే అది హెచ్‌టీటీపీఎస్ పేజీల్లో, లేదంటే అదే కంప్యూటర్లో నడిచే లోకల్‌హోస్ట్‌లో మాత్రమే దొరుకుతుంది. కొట్టులో లోకల్ నెట్‌వర్క్ మీద మామూలు హెచ్‌టీటీపీతో నడిచే సాఫ్ట్‌వేర్‌లో దొరకదు, అక్కడ సర్వరే ఆ నంబరుని ఫామ్‌లో పెట్టి పంపాలి.

జవాబు ఎప్పటికీ రాకపోతే అన్నది దీని పక్క సమస్య. చాలాసేపు ఎదురుచూడటంలో ఫెచ్‌కి ఇబ్బందేమీ లేదు, ఇబ్బంది మనుషులకే. ఇరవై, ముప్పై సెకన్లకి అబార్ట్‌కంట్రోలర్‌తో (పిలుపుని మధ్యలో ఆపే సాధనం) ఆపి, ‘జవాబు రాలేదు’ అని చెప్పడం మంచిది. ‘ఎక్కలేదు’ అనకూడదు. ఎక్కి ఉండొచ్చు కదా. ఒకే నంబరు పద్ధతి ఉంటే మళ్లీ నొక్కమని ధైర్యంగా చెప్పొచ్చు.

తప్పు చెప్పే తీరు

ఫోన్ నంబరులో తొమ్మిదే అంకెలున్నాయి. సర్వర్ 422 ఇస్తుంది. పంపింది అర్థమైంది గానీ ఒప్పుకోలేను అని దాని భావం. జవాబులో ఏ గడిలో ఏం తప్పో ఉండాలి. ఆ మాట ఆ గడి కిందే కనిపించాలి, కర్సర్ అక్కడికే వెళ్లాలి, మిగతా గడులు కదలకూడదు. రీలోడ్ లేకపోవడం వల్ల వచ్చే అసలు లాభం ఇదే. తప్పు జరిగినప్పుడు ఫామ్‌ని ఖాళీ చేసే కోడ్ ఈ లాభాన్ని కాలదన్నుకుంటుంది. వినియోగదారుడు చెల్లని ఇన్‌పుట్ ఇచ్చాడు లాంటి వాక్యాల బదులు ‘ఫోన్ నంబరులో ఒక అంకె తగ్గింది’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

ఫొటోలున్న ఫామ్‌కి వేరే గండం. ఇప్పటి ఫోన్‌లో తీసిన ఫొటో మూడు నాలుగు ఎంబీ ఉండటం మామూలే. ఎన్‌జింక్స్ సర్వర్ మార్పులేవీ చేయకపోతే 1 ఎంబీ దాటినదాన్ని 413 (మరీ పెద్దది) అని తిప్పికొడుతుంది. పీహెచ్‌పీ (సర్వర్ వైపు కోడ్ రాసే భాష) అయితే మొదట ఇచ్చే హద్దు ఫైలుకి 2 ఎంబీ. ఎన్‌జింక్స్ తిప్పికొట్టినప్పుడు మనం రాసిన ప్రోగ్రాం దాకా కబురే రాదు, దాని లాగులో ఏమీ కనిపించదు. ఫొటో లేకుండా పరీక్షించి అంతా బాగుందనుకుంటారు. పంపే ముందే బ్రౌజర్లో సైజు చూసి, చెప్పాల్సింది అక్కడే చెప్పేస్తే మనిషి డేటా ఖర్చు కూడా మిగులుతుంది.

కళ్లు కనిపించనివాళ్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. పేజీ రీలోడ్ అయితే స్క్రీన్ రీడర్ కొత్త పేజీని చదవడం మొదలుపెడుతుంది. రీలోడ్ లేకుండా ఒక మూల ‘ఎక్కింది’ అని వస్తే దానికి ఆ సంగతి తెలియదు, మౌనంగా ఉంటుంది. ఆ మాట వచ్చే చోటుకి స్టేటస్ అనే రోల్ ఇస్తే, మాట మారగానే అది చదివి వినిపిస్తుంది. ఆ చోటు పేజీలో ముందు నుంచీ ఖాళీగా ఉండి, తర్వాత అందులోకి మాట రావాలి. 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 (వెబ్‌ని అందరూ వాడగలిగేలా చేసే) ప్రమాణాల్లో ఇలాంటి సందేశాలకి ప్రత్యేకంగా ఒక నియమమే ఉంది. ఒక్క పదం చేర్చితే అయ్యే పని, చేయకపోవడానికి ఏ సాకూ లేదు.

భద్రత గురించి ఒక్క విషయం. రీలోడ్ లేదు కాబట్టి బయటివాళ్లకి ఈ దారి తెలియదని అనుకోకూడదు. బ్రౌజర్లో చేసిన తనిఖీలన్నీ నింపేవాళ్ల సౌకర్యానికే. సర్వర్ వాటన్నిటినీ మళ్లీ చేయాలి, మామూలు ఫామ్‌లో పెట్టే సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (వేరే సైటు మన పేరుతో ఫామ్ పంపకుండా అడ్డుకునే రహస్య గుర్తు) ఇక్కడా పంపాలి. వేరే డొమైన్‌కి జేసన్‌గా పంపితే బ్రౌజర్ అసలు పిలుపుకి ముందు ఆప్షన్స్ అనే అనుమతి పిలుపు ఒకటి చేస్తుంది, సర్వర్ దానికి జవాబివ్వకపోతే అసలుది బయల్దేరదు. అది సర్వర్ సెట్టింగుల పని. బ్రౌజర్ కోడ్‌ని ఎంత తిరగరాసినా తీరదు.

అన్ని ఫామ్‌లకీ కావాలా

అక్కర్లేదు. మిర్చి లాట్లలా రోజంతా ఒకే ఫామ్ నింపేచోట, సగం నింపిన వివరాలు పోతే బాధ కలిగేచోట ఇది వరం. ఏడాదికోసారి కట్టే పరీక్ష ఫీజు ఫామ్‌కి మాత్రం పాత పద్ధతే మేలని గట్టిగా చెప్పొచ్చు. ఎలాగూ మధ్యలో బ్యాంకు పేజీకి వెళ్లి రావాలి. చివర్లో రసీదు ఒక సొంత పేజీగా, సొంత చిరునామాతో వస్తే ప్రింటు తీసుకోవచ్చు, దాచుకోవచ్చు. పోస్ట్ చేశాక సర్వర్ 303 (ఈ పేజీకి వెళ్లు) అని రసీదు పేజీకి మళ్లిస్తే, అక్కడ రిఫ్రెష్ కొట్టినా ఫామ్ మళ్లీ వెళ్లదు. ‘రిఫ్రెష్ కొట్టొద్దు, బ్యాక్ నొక్కొద్దు’ అని ఎర్ర అక్షరాలతో భయపెట్టాల్సిన పని తప్పుతుంది. సబ్మిట్ కొట్టాక పిల్లలకి ఉండే టెన్షన్‌లో సగం ఆ హెచ్చరిక వల్లే.

రీలోడ్ లేని ఫామ్ రాశాక దాన్ని ఆఫీసు వైఫైలో చూసి సరే అనుకుంటే సరిపోదు. క్రోమ్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ దగ్గర వేగం బాగా తగ్గించి చూడాలి. పంపుతుండగా ఆఫ్‌లైన్ చేసి చూడాలి. ఇంకో ట్యాబులో లాగౌట్ అయి, ఈ ట్యాబులో సబ్మిట్ కొట్టాలి. సర్వర్ కోడ్‌లో కావాలని 500 ఇప్పించాలి. ఎంటర్ రెండుసార్లు గబగబా కొట్టాలి. ఈ ఐదింటిలోనూ తెర మీద ఏం రాసి ఉందో చదివి, అది నిజమా కాదా అని డేటాబేసు తెరిచి చూడాలి. గంట పని.

నెట్ పోయినా నింపింది పోకూడదని కొందరు ప్రతి గడినీ ఎప్పటికప్పుడు లోకల్‌స్టోరేజీలో (బ్రౌజర్ తన దగ్గరే ఉంచుకునే నిల్వలో) దాస్తారు. సొంత ఫోన్‌లో అది గొప్ప సాయం. కానీ విజయవాడ ఏలూరు రోడ్డులోనో, గుంటూరు బ్రాడీపేటలోనో నెట్ సెంటర్‌లో కూర్చుని నింపేవాళ్లూ ఉంటారు. లోకల్‌స్టోరేజీలో దాచింది బ్రౌజర్ మూసేసినా పోదు. ఒకరు ఆధార్ నంబరు, పుట్టినతేదీ నింపి, కరెంటు పోయి మధ్యలో లేచి వెళ్లిపోతే, తర్వాత అదే సిస్టమ్‌లో అదే ఫామ్ తెరిచినవాళ్లకి ఆ వివరాలు నింపి కనిపిస్తాయి. అందుకని ఆధార్ లాంటి గడులని అసలు దాచకూడదు. మిగతావి దాచినా, సర్వర్ రికార్డు నంబరు ఇచ్చిన వెంటనే చెరిపేయాలి. దాచిన ప్రతిదానికీ టైము రాసిపెట్టి, కొన్ని గంటలు దాటినదాన్ని ఫామ్ తెరవగానే చూపించకుండా తీసేయాలి. పక్కనే ‘నేను నింపింది చెరిపేయి’ అన్న బటన్ ఒకటి, కంటికి కనిపించేలా ఉంచాలి.